సముద్ర జీవుల శుక్రకణాలు అండం దారి ఎలా పడతాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ జువాలజీలో సీ అర్చిన్ (ఒళ్ళంతా ముళ్ళుండే గుండ్రటి సముద్ర జీవి) ఫలదీకరణం పాఠం వచ్చిందంటే క్లాసు కాసేపు ఆగిపోతుంది. "అంత సముద్రంలో ఆ కణానికి దారి ఎవరు చెప్తారు సార్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. రొయ్యల హేచరీల్లో చేరిన పాత విద్యార్థులు ఫోన్ చేసి ఇదే సంగతి ఇంకో రకంగా అడుగుతారు. చెప్పిందే చెప్పడం కన్నా ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది. ఏ ప్రశ్న కావాలంటే ఆ ప్రశ్న నేరుగా చదువుకోవచ్చు, వరసగా చదవాల్సిన పని లేదు.

## మొదట్లోనే వచ్చే అనుమానాలు

అసలు శుక్రకణానికి అండం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

సీ అర్చిన్, నక్షత్ర చేప, పగడాలు, అబలోన్ అనే సముద్రపు నత్త లాంటి చాలా జీవులు అండాలనూ శుక్రకణాలనూ నేరుగా నీటిలోకి వదిలేస్తాయి. అండం తన చుట్టూ ఉన్న నీటిలోకి కొద్దికొద్దిగా ఒక రసాయనాన్ని విడుస్తూ ఉంటుంది. అండానికి దగ్గరగా ఆ రసాయనం చిక్కగా, దూరం జరిగే కొద్దీ పలచగా ఉంటుంది. శుక్రకణం తోక మీద దాన్ని పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి. రసాయనం పెరుగుతోందా తగ్గుతోందా అన్నదాన్ని బట్టి తోక కొట్టుకునే తీరు మారుతుంది, దాంతో ఈదే దిశ మారుతుంది. దీన్నే మన పుస్తకాల్లో రసాయన అనుచలనం అంటారు, క్లాసులో అందరూ అనేది కెమోటాక్సిస్.

అయితే అండం శుక్రకణాన్ని లాగుతుందన్నమాట?

లాగదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే, పరీక్ష పేపర్లలో కూడా. "ఆకర్షిస్తుంది" అన్న మాట వల్ల అయస్కాంతం, ఇనుప రజను బొమ్మ మనసులో పడిపోతుంది. అండం నుంచి వచ్చే అణువులు శుక్రకణాన్ని ఇసుమంత కూడా కదిలించలేవు. ఈదే బలమంతా శుక్రకణం సొంతం. రసాయనం చేసే పని సైకిల్ హ్యాండిల్ తిప్పడం లాంటిది, తొక్కేది మాత్రం శుక్రకణమే. ఈ ఒక్క తేడా బుర్రకెక్కితే మిగతా పాఠం దానంతటదే అర్థమవుతుంది.

దీన్ని ఎవరు, ఎప్పుడు కనిపెట్టారు?

మొదట తెలిసింది జంతువుల్లో కాదు, మొక్కల్లో. 1884లో జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ ఫెఫర్, ఫెర్న్ శుక్రకణాలు మాలిక్ ఆమ్లం వైపు ఈదుతాయని చూపించాడు. 1910ల్లో అమెరికాలోని వుడ్స్ హోల్‌లో ఫ్రాంక్ లిల్లీ సీ అర్చిన్ అండాలు ఉంచిన నీటికి శుక్రకణాలు స్పందించడం గమనించాడు. కానీ అవి దారి మార్చుకుని వస్తున్నాయా, లేక ఒకదానికొకటి అతుక్కుని గుంపు కడుతున్నాయా అన్న వాదన చాలా కాలం తేలలేదు. 1950లో జపాన్‌లో పనిచేస్తున్న జీన్ డాన్ ఒక రకం హైడ్రోమెడూసాలో, అంటే జెల్లీ చేపలకు దగ్గరి బంధువులో, శుక్రకణాలు అండం వైపు తిరగడాన్ని వివరించింది. 1960ల్లో రిచర్డ్ మిల్లర్ వాటి బంధువులే అయిన హైడ్రాయిడ్ల మీద ఆ పనిని ముందుకు తీసుకెళ్ళాడు. జంతువుల్లో ఏ అణువు ఈ పని చేస్తోందో తెలిసి, దానితోనే కెమోటాక్సిస్ చూపించగలిగింది 1985లో. ఆ జీవి ఆర్బేషియా అనే సీ అర్చిన్, ఆ అణువు రిసాక్ట్.

అన్ని పుస్తకాల్లోనూ సీ అర్చినే ఎందుకు?

సులువు కాబట్టి. ఒక్క మగ జీవి నుంచి వందల కోట్ల శుక్రకణాలు వస్తాయి. అండాలు పారదర్శకంగా ఉంటాయి, ఫలదీకరణం గాజు పలక మీద కళ్ళ ముందే జరిగిపోతుంది. 1870ల్లో ఆస్కార్ హెర్ట్‌విగ్ శుక్రకణ కేంద్రకం, అండ కేంద్రకం కలవడాన్ని చూసింది కూడా సీ అర్చిన్‌లోనే. మన విశాఖ రాళ్ళ తీరంలో స్టోమోన్యూస్టిస్ అనే నల్లటి ముళ్ళ అర్చిన్ దొరుకుతుంది. అలలు వెనక్కి తగ్గినప్పుడు రాతి సందుల్లో చూడండి, చెప్పుల్లేకుండా మాత్రం వెళ్ళకండి.

## నీటిలోకి వదిలే ముందు, వదిలిన క్షణంలో

శరీరం లోపల ఉన్నప్పుడు శుక్రకణాలు ఎందుకు ఈదవు?

ఈదితే ఉన్న శక్తంతా అక్కడే అయిపోతుంది. వాటికి తిండి తినే దారి లేదు, వెంట తెచ్చుకున్న ఇంధనమే ఆధారం. సీ అర్చిన్ వృషణంలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉంటుంది, కణం లోపల ఆమ్లత్వం పెరిగి ఉంటుంది. తోకను ఆడించే డైనీన్ అనే ప్రోటీన్ ఆ స్థితిలో దాదాపు పనిచేయదు. సముద్రపు నీటి పీహెచ్ (ఆమ్లత్వాన్ని చెప్పే కొలత, ఆమ్లత్వం తగ్గితే ఇది పెరుగుతుంది) సుమారు 8.1. అందులో పడగానే కణం లోపలి హైడ్రోజన్ అయాన్లు బయటికి పోతాయి, పీహెచ్ పెరుగుతుంది, డైనీన్ మేలుకుంటుంది, తోక కొట్టుకోవడం మొదలవుతుంది. ఇదంతా కొన్ని సెకన్ల పని. ఇంత వరకూ అండం ప్రమేయమే లేదు.

చేపల్లో కూడా పీహెచ్ వల్లేనా?

చేపల్లో ప్రధానంగా చూడాల్సింది ఉప్పు గాఢత. 1980లో జపాన్ శాస్త్రవేత్తలు మొరిసావా, సుజుకి దీన్ని స్పష్టం చేశారు. సముద్రపు చేప శుక్రకణం తన శరీర ద్రవం కన్నా ఉప్పెక్కువ ఉన్న నీటిలో పడినప్పుడు కదులుతుంది. కార్ప్ జాతి మంచినీటి చేపల్లో దీనికి సరిగ్గా తిరగబడి, ఉప్పు తగ్గినప్పుడు కదులుతుంది. మన బొచ్చె, రోహు హేచరీల్లో మిల్ట్‌లో, అంటే మగ చేప నుంచి తీసిన శుక్రద్రవంలో, నీళ్ళు ముందే కలిపితే పాడైపోతుందని చెప్పేది ఇందుకే. నీరు తగిలిన క్షణం నుంచి లెక్క మొదలవుతుంది, ఆ ఈత నిమిషం అటూఇటూ ఉంటుంది అంతే.

మగవీ ఆడవీ ఒకేసారి వదలాలని వాటికెలా తెలుస్తుంది?

నీటి వేడి, చంద్రకళలు, పక్కజీవి వదిలిన గుడ్ల జాడ, ఇలా జాతిని బట్టి సూచనలు మారతాయి. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ మీద ఏడాదిలో పున్నమి దాటిన కొన్ని రాత్రుల్లో ఎన్నో జాతుల పగడాలు ఒక్కసారిగా గుడ్లు వదలడం అందరికీ తెలిసిన ఉదాహరణ. ఇది మొత్తం జంతువు ప్రవర్తన. శుక్రకణం దారి వెతుక్కోవడం వేరే సంగతి. రెండూ కలిపి ఒకే జవాబులో రాయకండి.

## నీటిలో ఈదుతున్నప్పుడు

అండం వదిలే ఆ రసాయనం ఏమిటి?

జీవిని బట్టి మారుతుంది. సీ అర్చిన్లలో అవి చిన్న పెప్టైడ్లు (అమైనో ఆమ్లాల గొలుసులు), అండం చుట్టూ ఉండే జెల్లీ పొరలో ఉంటాయి. 1981లో గుర్తించిన స్పెరాక్ట్‌లో 10 అమైనో ఆమ్లాలు. ఆర్బేషియా రిసాక్ట్‌లో 14. నక్షత్ర చేపల్లో ఆస్టెరోసాప్ అనే మరికాస్త పెద్ద పెప్టైడ్. సయోనా అనే సీ స్క్విర్ట్‌లో (రాళ్ళకు అంటుకుని బతికే సంచిలాంటి జీవి) మాత్రం అది పెప్టైడే కాదు, సల్ఫేట్ తగిలించిన స్టిరాయిడ్. 2002లో జపాన్ బృందం దాన్ని గుర్తించింది. కాలిఫోర్నియా తీరపు రెడ్ అబలోన్‌ది వీటన్నిటికన్నా సాదా సంగతి. అది వదిలేది ట్రిప్టోఫాన్, మనం తినే పప్పుల్లో, పాలలో ఉండే మామూలు అమైనో ఆమ్లం.

ఆ వాసన ఎంత దూరం పనిచేస్తుంది?

చాలా తక్కువ. కిలోమీటర్లు కాదు, మీటర్లు కూడా కాదు. మైక్రోమీటర్ల నుంచి మిల్లీమీటర్ల లెక్క. సీ అర్చిన్ శుక్రకణం సెకనుకు సుమారు 100 నుంచి 200 మైక్రోమీటర్లు ఈదుతుంది. తిన్నగా ఈదినా ఒక మీటరు దాటడానికి గంటన్నర నుంచి మూడు గంటలు పడుతుంది. అంతసేపు దాని శక్తి నిలవదు. కాబట్టి దూరాలు దాటించేది నీటి ప్రవాహం, చివరి అంగుళంలో కూడా చివరి భాగం మాత్రమే శుక్రకణం సొంత ఈత. అలాగని ఇది చిన్న లాభం కాదు. సీ అర్చిన్ అండం అడ్డకొలత మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. దాని చుట్టూ రసాయనపు మేఘం ఉంటే శుక్రకణానికి అందే గురి ఎన్నో రెట్లు పెద్దదవుతుంది. ఇక వాసన అన్నది మాటవరసకే, శుక్రకణానికి ముక్కు లేదు.

రసాయనం తగిలాక శుక్రకణం లోపల ఏం జరుగుతుంది? మెట్టు మెట్టుగా చెప్పండి.

ఆర్బేషియాలో బాగా తేలిన వరస ఇది. జర్మనీలోని బాన్‌లో బెంజమిన్ కౌప్ బృందం, మెక్సికోలోని కుయెర్నవాకాలో అల్బెర్టో డార్సోన్ బృందం ఈ రంగంలో ఏళ్ళ తరబడి పనిచేశాయి. ఆర్బేషియా వరసలో ఎక్కువ ముక్కలు బాన్ వాళ్ళవి.

రిసాక్ట్ వచ్చి తోక మీది గ్రాహకానికి తగులుకుంటుంది. ఆ గ్రాహకమే ఒక ఎంజైమ్ కూడా, పేరు గ్వానిలిల్ సైక్లేజ్. అది వెంటనే సైక్లిక్ జీఎంపీ అనే అణువును తయారు చేస్తుంది. సైక్లిక్ జీఎంపీ వెళ్ళి ఒక పొటాషియం ద్వారాన్ని తెరుస్తుంది. పొటాషియం బయటికి పోగానే కణం లోపలి విద్యుత్ ఆవేశం ఇంకా రుణాత్మకమవుతుంది. ఇక్కడ విద్యార్థులు తడబడతారు, ఎందుకంటే నాడీకణంలో చదివింది దీనికి తిరగబడి. నాడీకణం ఉత్తేజితమైతే లోపల ధనాత్మకం వైపు వెళ్తుంది, శుక్రకణం ముందు రుణాత్మకం వైపు వెళ్తుంది.

ఆ రుణావేశం సోడియంను లోపలికి తెచ్చి హైడ్రోజన్‌ను బయటికి పంపే ఒక మార్పిడి ప్రోటీన్‌ను కదిలిస్తుంది. లోపలి పీహెచ్ కాస్త పెరుగుతుంది. తర్వాత ఆవేశం మామూలు స్థితికి తిరిగివస్తున్నప్పుడు, పీహెచ్ పెరిగి ఉన్నందువల్ల, క్యాట్‌స్పర్ అనే కాల్షియం ద్వారం తెరుచుకుంటుంది. కాల్షియం తోకలోకి వస్తుంది. అప్పటిదాకా రెండు పక్కలకూ కాస్త తేడాతో కొట్టుకుంటున్న తోక, ఇప్పుడు ఒక పక్కకే బాగా వంగుతుంది. శుక్రకణం గిర్రున తిరుగుతుంది. కాల్షియం తగ్గగానే తిన్నగా పోతుంది. మలుపు, తిన్నని పరుగు, మళ్ళీ మలుపు.

పరీక్షలో ఈ వరసలో ఏది గుర్తున్నా లేకపోయినా ఒకటి గుర్తుంచుకోండి: మలుపు తిప్పేది కాల్షియం.

శుక్రకణాలు తిన్నగా పోకుండా గుండ్రంగా ఎందుకు తిరుగుతాయి? అది లోపం కాదా?

లోపం కాదు, అసలు కిటుకంతా అందులోనే ఉంది. శుక్రకణం మొత్తం పొడవు మిల్లీమీటరులో 20వ వంతు. అంత చిన్న ఒంటికి తల దగ్గర ఎంత రసాయనం ఉంది, తోక చివర ఎంత ఉంది అని పోల్చుకోవడం కష్టం. అందుకని అది చోటుతో కాక కాలంతో పోల్చుకుంటుంది. వీధిలో మిరపకాయ బజ్జీల బండి ఎటు ఉందో కళ్ళు మూసుకుని వెతికితే మనమూ అదే చేస్తాం. నాలుగడుగులు వేసి, ఇందాకటి కన్నా వాసన పెరిగిందా అని చూస్తాం.

గాజు పలక దగ్గర శుక్రకణం చిన్న చిన్న వలయాలుగా ఈదుతుంది. ప్రతి చుట్టులో అండం వైపు ఉన్నప్పుడు రసాయనం పెరుగుతుంది, అవతలి వైపు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులే కాల్షియం ఎప్పుడు పెరగాలో చెప్తాయి. మలుపు సరైన క్షణంలో పడితే వలయాల కేంద్రం కొద్దికొద్దిగా అండం వైపు జరుగుతుంది. కెమెరాలో గీత చూస్తే జిలేబీ చుట్టలు ఒక పక్కకు జరుగుతున్నట్టు ఉంటుంది. నిజమైన సముద్రంలో గాజు పలక లేదు కాబట్టి అది మరమేకు మీది గాడిలా మెలికలు తిరుగుతూ ఈదుతుంది. మలుపుల వల్ల ఆ మెలిక వంగి అండం వైపు తిరుగుతుంది. ఈ మూడు కొలతల ఈతను బాన్ బృందం 2015లో ప్రచురించింది.

ఒక్క అణువు తగిలినా శుక్రకణానికి తెలుస్తుందని విన్నాను. నిజమేనా?

ఆర్బేషియాలో నిజమే. ఒకే ఒక్క రిసాక్ట్ అణువు తగిలినా కొలవగలిగినంత స్పందన వస్తుంది. తోక మీద లక్షల సంఖ్యలో గ్రాహకాలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి వచ్చిన అణువు దాదాపు తప్పించుకోలేదు. చీకట్లో ఒక్క కాంతి కణాన్ని పట్టుకోగల మన కంటి రాడ్ కణంతో దీన్ని పోలుస్తారు. పోలిక బాగుంది, లోపలి యంత్రాంగంలో కూడా సైక్లిక్ జీఎంపీ రెండుచోట్లా ఉంది. అయితే ఒక్క అణువు తగలగానే శుక్రకణం అండం దగ్గరికి వచ్చేస్తుందని అనుకోకూడదు. దారి తెలియాలంటే వరసగా ఎన్నో అణువులు తగులుతూ, ఆ తగిలే వేగం పెరుగుతూ తరుగుతూ ఉండాలి.

అలలు కొడుతుంటే ఆ రసాయనం చెదిరిపోదా?

చెదురుతుంది. అబలోన్ మీద రిచర్డ్ జిమ్మర్, జెఫ్రీ రిఫెల్ చేసిన పని దీనికి మంచి జవాబు. నీటి పొరలు ఒకదాని మీద ఒకటి మెల్లగా జారుతున్నప్పుడు శుక్రకణాలు అండాలను బాగానే చేరాయి, నిశ్చలంగా ఉన్న నీటికన్నా ఫలితం మెరుగ్గా కూడా ఉంది. ప్రవాహం బలమయ్యే కొద్దీ రసాయనపు మేఘం సాగిపోయి పీలికలైంది, శుక్రకణాలు కూడా సుడిలో గిరగిరా తిరిగి దారి పట్టలేకపోయాయి. ఇదే వరసలో ట్రిప్టోఫాన్‌ను నాశనం చేసే ఎంజైమ్‌ను నీటిలో కలిపి చూస్తే ఫలదీకరణం పడిపోయింది. రసాయనం నిజంగా పనికొస్తోందనడానికి నాకు అన్నిటికన్నా నచ్చే రుజువు ఇదే.

## అండం దగ్గరికి చేరాక

వేరే జాతి శుక్రకణం కూడా వచ్చేస్తుందా?

రసాయనం దగ్గరే కొంత వడపోత జరుగుతుంది. ఆర్బేషియా రిసాక్ట్‌కు స్ట్రాంజిలోసెంట్రోటస్ అనే ఊదారంగు అర్చిన్ శుక్రకణాలు స్పందించవు, వాటి స్పెరాక్ట్‌కు ఆర్బేషియావి స్పందించవు. కానీ దగ్గరి జాతులు ఒకే పెప్టైడ్‌ను వాడుకునే సందర్భాలున్నాయి, కాబట్టి ఇదొక్కటే తాళం కాదు. జెల్లీలోని చక్కెర గొలుసులు తగిలి శుక్రకణం తల ముందున్న ఎక్రోసోమ్ అనే చిన్న సంచి పగలాలి. అప్పుడు బయటపడే బిండిన్ అనే ప్రోటీన్ అండం పైపొరలోని గ్రాహకానికి సరిపోవాలి. బిండిన్‌ను 1977లో గుర్తించారు.

ఒకేసారి పది శుక్రకణాలు వస్తే?

వస్తాయి, అందుకే అండం తలుపు వేసుకుంటుంది. సీ అర్చిన్‌లో మొదటిది కలిసిన ఒకటి రెండు సెకన్లలో అండం పైపొర విద్యుత్ ఆవేశం మారిపోతుంది. నిమిషం లోపు ఫలదీకరణ కవచం పైకి లేస్తుంది. అంతకు ముందు పిలిచింది తనే, ఇప్పుడు తోసేది కూడా తనే. రెండో కేంద్రకం లోపలికి వస్తే పిండం బతకదు.

## మిగతా జీవుల సంగతి

మన రొయ్యల్లో కూడా ఇంతేనా? హేచరీలో దీనివల్ల ఏమైనా లాభం ఉందా?

ఆంధ్ర తీరంలో హేచరీలవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. జవాబు నిరాశపరుస్తుంది. వనామీ, టైగర్ రొయ్యల శుక్రకణానికి తోకే లేదు, ఒక చిన్న ముల్లు మాత్రం ఉంటుంది. అది ఈదదు. మగ రొయ్య శుక్రకణాల సంచిని ఆడ రొయ్య ఛాతీ కింద అంటిస్తుంది, గుడ్లు వదిలే సమయంలో అక్కడికక్కడే కలుస్తాయి. వెతుక్కునే పని లేదు కాబట్టి దారి చూపే రసాయనం అవసరమూ లేదు. కాబట్టి "స్పెర్మ్ ఎట్రాక్టెంట్" అని ఎవరైనా మీ హేచరీకి సీసా అమ్మజూపితే డబ్బు జేబులోనే ఉంచుకోండి. పీతల శుక్రకణాలకూ తోక ఉండదు.

అన్ని సముద్ర జీవుల్లోనూ రసాయనం అండం నుంచే వస్తుందా?

దాదాపుగా అంతే, కానీ జపాన్ స్క్విడ్ ఒకటి ఈ లెక్క తప్పిస్తుంది. హెటెరోలోలైగో అనే ఆ స్క్విడ్‌లో రెండు రకాల మగవి ఉంటాయి. పెద్దవి ఆడదానికి కాపలా కాస్తూ శుక్రకణాలను అండవాహిక లోపల ఉంచుతాయి. చిన్నవి దొంగచాటుగా వచ్చి నోటి దగ్గర ఉంచుతాయి. 2013లో తేలిందేమిటంటే, చిన్న మగవాటి శుక్రకణాలు కార్బన్ డయాక్సైడ్‌ను పసిగట్టి గుంపు కడతాయి. ఆ వాయువు వాటి సొంత శ్వాస నుంచి వచ్చిందే. పెద్ద మగవాటి శుక్రకణాలు ఆ పని చేయవు. ఒకే జాతి, రెండు ఎత్తుగడలు.

హెరింగ్ చేప గురించి విన్నాను, దానిలో ప్రత్యేకత ఏమిటి?

పసిఫిక్ హెరింగ్ శుక్రకణాలు సముద్రపు నీటిలో పడినా దాదాపు కదలకుండా ఉంటాయి. గుడ్డు మీద మైక్రోపైల్ అనే ఒకే ఒక్క రంధ్రం ఉంటుంది. దాని చుట్టూ ఉన్న ప్రోటీన్ తగిలినప్పుడే ఈత మొదలుపెడతాయి. శక్తి దండగ కాకుండా గుమ్మం దగ్గరే లేచి నడిచినట్టన్నమాట.

మనుషుల్లో కూడా క్యాట్‌స్పర్ ఉందా?

ఉంది. నిజానికి దాన్ని 2001లో ముందు ఎలుకలో గుర్తించారు, సీ అర్చిన్ కెమోటాక్సిస్‌లో దాని పాత్ర తర్వాత తేలింది. మనిషి శుక్రకణంలో ప్రొజెస్టిరాన్ హార్మోన్ ఈ ద్వారాన్ని తెరుస్తుందని 2011లో రెండు బృందాలు చూపించాయి. క్యాట్‌స్పర్ లోపించిన మగవారిలో సంతానం కలగకపోవచ్చు. కానీ సీ అర్చిన్ వరస మొత్తాన్ని మనిషికి అంటగట్టకండి. మనలో శుక్రకణం దారి వెతుక్కోవడంలో ద్రవ ప్రవాహం, గర్భాశయ కండరాల కదలిక, వేడి తేడా కూడా చర్చలో ఉన్నాయి.

## ల్యాబ్‌లో, పరీక్షలో

కెమోటాక్సిస్, కెమోకైనెసిస్ ఒకటేనా?

కాదు. రసాయనం తగిలి వేగం మారితే కెమోకైనెసిస్, దిశ మారితే కెమోటాక్సిస్. స్పెరాక్ట్ చరిత్రలో ఈ తేడా ఎంతోమందిని తిప్పలు పెట్టింది. ఆమ్లత్వం పెంచిన సముద్రపు నీటిలో అది శుక్రకణాల శ్వాసను, కదలికను పెంచుతుందని ముందే తెలుసు, మలుపులు తిప్పుతుందనీ తర్వాత తెలిసింది. కానీ ఊదారంగు అర్చిన్‌లో అవి నిజంగా మూలం వైపు వెళ్తున్నాయని చూపడానికి 2020 దాకా పట్టింది. రసాయనపు వాలు, అంటే దూరంతో దాని చిక్కదనం మారే తీరు, బాగా నిటారుగా ఉంటేనే అది కనబడింది.

కాలేజీ ల్యాబ్‌లో దీన్ని చూడొచ్చా?

శుక్రకణాల ఈత, ఫలదీకరణ కవచం లేవడం మామూలు మైక్రోస్కోప్‌లో చూడొచ్చు. సీ అర్చిన్‌కు పొటాషియం క్లోరైడ్ ద్రావణం ఇంజెక్షన్ ఇస్తే కాసేపట్లో పైభాగంలోని ఐదు రంధ్రాల నుంచి కణాలు వస్తాయి. మగదైతే పాలలా తెల్లగా ఉంటాయి. వాటిని నీళ్ళు కలపకుండా మంచు మీద ఉంచితే గంటల తరబడి పనికొస్తాయి, కలిపాక త్వరగా నీరసిస్తాయి. డ్రాపర్ ముందు మంచినీటిలో వాడి ఉంటే ఆ చుక్కతోనే కణాలు పగిలిపోతాయి. ఒక బ్యాచ్ మొత్తం అలా పోగొట్టుకున్నాక మా బల్ల మీద సముద్రపు నీటి డ్రాపర్లకు ఎర్ర టేపు చుట్టాం. దిశ మారడం చూడాలంటే మాత్రం వేగంగా తీసే కెమెరా, రసాయనాన్ని కాంతితో విడుదల చేసే ఏర్పాటు కావాలి, అది పరిశోధన ల్యాబుల పని.

సముద్రం ఆమ్లీకరణ వల్ల ఇదంతా దెబ్బతింటుందా?

అనుమానించడానికి కారణం ఉంది. తోక మేలుకోవడం, క్యాట్‌స్పర్ తెరుచుకోవడం రెండూ పీహెచ్ మీద ఆధారపడ్డవే. పారిశ్రామిక యుగానికి ముందు సుమారు 8.2 ఉన్న సముద్రపు ఉపరితల పీహెచ్ ఇప్పుడు 8.1కి వచ్చింది. అయితే ప్రయోగాల ఫలితాలు ఒక్క తీరుగా లేవు. కొన్ని జాతుల్లో ఈత వేగం తగ్గింది, కొన్నిటిలో తేడా కనబడలేదు, ఒకే జాతిలో ఒక మగదానికీ ఇంకోదానికీ పొంతన కుదరలేదు. "శుక్రకణాలు దారి తప్పుతాయి" అని వార్తల్లో వచ్చే శీర్షికను యథాతథంగా జవాబుపత్రంలో రాస్తే మార్కులు వేయను.